తడి పలక వాసన

వైన్ రుచి చూసి రాసేవాళ్ల దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది: తడిసిన పలక వాసన. పారిస్‌లోనో లండన్‌లోనో కూర్చుని ఆ మాట రాసేవాళ్లలో పలక ఒళ్లో పెట్టుకుని అక్షరాలు దిద్దినవాళ్లు ఎందరున్నారో అనుమానమే. పలకల ఊరు మార్కాపురం వాడికి మాత్రం ఆ వాసనను ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. ఉమ్మితో తడిపి చొక్కా అంచుతో తుడిచిన పలక, దొండాకు పసరు రుద్ది ఎండలో ఆరబెట్టిన పలక, తొలకరి చినుకుకు ఫ్యాక్టరీ పక్కన పోగుపడిన రాతి ముక్కల మీంచి లేచే ఆవిరి. అక్షరాలకంటే ముందు ముక్కుకు పట్టిన చదువు అది. అందుకే ఫ్రాన్సులో ఉద్యోగం చేస్తున్న గిద్దలూరు మిత్రుడు సంక్రాంతికి వస్తూ రెండు పాత సీసాలు తెచ్చి, "పలక నేల మీద కాసిన ద్రాక్షరా ఇది, మీ ముక్కుల సంగతేంటో చూద్దాం" అన్నప్పుడు మేం వెనక్కి తగ్గలేదు.

ఆ నేల పేరు ఆంజూ. ల్వార్ నది పొడవునా, ఆంజే నగరం చుట్టూ ఉన్న ప్రాంతం. నగరం పక్కనే ట్రెలాజే అనే ఊరుంది. అక్కడి గనుల్లో వందల ఏళ్లు పలకరాయి తీశారు. మనవాళ్లు ఆ రాయిని బడిపిల్లల చేతికిచ్చారు, వాళ్లు ఇంటికప్పుల మీదికెక్కించారు. 2013లో గనులు మూతపడ్డాయి. ఆ రాయి వయసు సుమారు 46 కోట్ల ఏళ్లు. చీలిస్తే ఒక్కోసారి ట్రైలోబైట్లనే పురాతన సముద్రజీవుల ముద్రలు బయటపడతాయి. మన రాయిని ఎంత చీల్చినా అలాంటివి దొరకవు. భూగర్భ శాస్త్రవేత్తలు మన దగ్గరి కంభం పేరుతోనే పిలిచే ఈ శిలలు నూరు కోట్ల ఏళ్లకు పైబడినవి. అవి బురదగా పేరుకుంటున్న కాలానికి పెంకున్న జీవులే పుట్టలేదు. ఈ సంగతి చెప్పగానే పలకల ఫ్యాక్టరీ నడిపే మా మిత్రుడు, "పాతదనంలో మనమే పెద్దన్నలం, ఇక సీసా తియ్యండి" అన్నాడు.

ఆ నల్లరాళ్లు పరుచుకున్న భాగాన్ని అక్కడివాళ్లు నల్ల ఆంజూ అంటారు. మా రెండు సీసాలూ అక్కడివే. ఒకటి సావెనియేర్, రెండోది లేయోఁ నది లోయది. రెండింటికీ ద్రాక్ష ఒకటే, షెనాఁ అనే తెల్లరకం. మొదటిదాంట్లో తీపి లేదు, రెండోది బాగా తియ్యన. లేయోఁ లోయలో కోతల కాలానికి పొద్దున్నే మంచు కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ తడికీ ఎండకీ మధ్య బోట్రైటిస్ అనే బూజు పండును పట్టి తొక్కకు సన్నటి చిల్లులు పెడుతుంది. నీరు ఆవిరై పండు వడలిపోతుంది. లోపల చక్కెరా పులుపూ చిక్కబడతాయి. తోటంతా ఒకేసారి వడలదు కాబట్టి మన పత్తి చేలల్లోలాగే విడతలు విడతలుగా తిరిగి ఏరుకోవాలి. మా తియ్య సీసా 1997 నాటిది. ఇంతకాలం అది చెడకుండా నిలిచిందంటే చక్కెర ఒక కారణం, షెనాఁకు పుట్టుకతో ఉన్న పులుపు ఇంకో కారణం.

వయసు మీద పడేకొద్దీ ఎర్ర వైన్ రంగు వెలిసి ఇటుక ఛాయకు దిగుతుంది, వగరు తగ్గుతుంది, అడుగున మడ్డి చేరుతుంది. తెల్లదాని దారి వేరు. లేత గడ్డి రంగుతో మొదలై బంగారు రంగు మీదుగా తేనె రంగుకు ముదురుతుంది. తాజా పండ్ల వాసన వెనక్కి పోయి, మైనం, ఎండుపండ్ల వాసనలు ముందుకొస్తాయి. ఇదంతా సవ్యంగా జరగాలంటే 12, 13 డిగ్రీల చలువలో, వెలుతురు తగలని చోట, సీసా కదలకుండా పడుండాలి. నలభై దాటే మన వేసవిలో అది అయ్యే పని కాదు. పైగా వైన్ షాపులో వైన్ తప్ప అన్నీ అమ్ముడుపోయే ఊళ్లు మనవి. విమానంలో మనిషికి రెండు లీటర్లే సుంకం లేకుండా తేనిస్తారు. అందుకే రెండు సీసాలతో సరి.

పాత సీసా మూత తియ్యడం ఒక పనితనం. అడుగున ఏమన్నా ఉంటే దిగుతుందని ముందురోజే నిలబెట్టాం. అన్నేళ్లు నానిన బిరడాలోకి మామూలు మరను దింపితే పొడైపోతుంది. మిత్రుడు రెండు పల్చటి రేకులుండే పరికరం తెచ్చాడు. బిరడాకూ గాజుకూ మధ్య ఒక రేకు, తర్వాత రెండోది, కొంచెం కొంచెంగా జొనిపాడు. ఆపైన మెల్లగా తిప్పుతూ పైకి లాగాడు. పక్కలు నల్లబడి, ఒక అంచు జిగటగా, బిరడా ఒకే ముక్కగా వచ్చింది. దాని అడుగున మెరిసే పలుకులు అంటుకుని ఉన్నాయి. కల్తీ ఏమో అనుకున్నాం. టార్టారిక్ ఆమ్లపు లవణం గడ్డకడితే అలా అవుతుందని, దానివల్ల ఏ దోషమూ లేదని చెప్పాడు. చింతపండు పులుపు కూడా ముఖ్యంగా ఆ ఆమ్లానిదే. ఆ మాటతో వైన్ మాకు సగం చుట్టమైపోయింది. స్టీలు గ్లాసులు వద్దన్నాడు. అంచు లోపలికి ఒంగిన గాజు గ్లాసులో మూడోవంతు పోస్తే మిగతా ఖాళీలో వాసన నిలుస్తుందట.

తర్వాతి షరతు మాది. ఫ్యాక్టరీ మిత్రుడు తలా ఒక పలక, బలపం పంచాడు. వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, తోచింది రాయాలి. అందరూ రాసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు.

ఇది చాదస్తమేం కాదు. 2001లో బోర్డో పరిశోధకుల ప్రయోగం ఒకటి అచ్చయింది. వైన్ తయారీ చదువుకుంటున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కన్నే ముక్కును అంత దారి తప్పిస్తే పక్కవాడి నోరు ఇంకెంత తప్పిస్తుంది? పెళ్లి భోజనాల్లో ఎవరో పెద్దాయన పప్పులో ఉప్పు తగ్గిందంటే చాలు, ఆ బంతి మొత్తానికీ ఉప్పు తగ్గుతుంది.

ముందు సావెనియేర్, కంభం చెరువు చేపల వేపుడుతో. పలకలు తిప్పి చూస్తే నిమ్మతొక్క ఒకరిది, మైనం ఒకరిది, కొత్తగా సున్నం కొట్టిన గోడ ఇంకొకరిది. నేను తడి పలక అని రాశాను. చిత్రంగా, పగలంతా ఆ రాయి మధ్యే తిరిగే ఫ్యాక్టరీ మిత్రుడి పలక మీద ఆ మాట లేదు. "బావా, పలక వాసన నాకు తెలీదా? ఇందులో లేదు. వాడు ముందే చెప్పాడు గనక నీకు తగిలింది" అన్నాడు.

శాస్త్రం అతని పక్షానే ఉంది. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ద్రాక్షతోటలు, వాటి కింది రాళ్ల మీద 2018లో ఒక పుస్తకం తెచ్చారు. రాయి రుచిని తీగ పండుదాకా మోసుకుపోదని ఆయన వాదన. వేరు తీసుకునేది నీటిలో కరిగిన లవణాలను, అదీ మన నాలుకకు అందనంత కొద్దిగా. పలక నేల చేసే మేలు వేరే ఉంది: నీటిని నిలవనివ్వదు, చీలికల్లోంచి వేళ్లను దిగనిస్తుంది, పగటి వేడిని పట్టి ఉంచుతుంది. అసలు తడిరాతి వాసనే రాతిది కాదు. ఎండ రోజుల్లో మొక్కల నుంచి వచ్చే నూనెలు రాతికి పట్టి, తేమ తగలగానే గాలిలోకి లేస్తాయని ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లో తేల్చారు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఆ మట్టి వాసననే అత్తరుగా పట్టి అమ్ముతారు.

తియ్యది తెరిచేసరికి రాగి సంగటి, నాటుకోడి పులుసు వచ్చాయి. మిరపకారం మీద ఆ తీపి చక్కగా కుదిరింది. కారం అణిగాక పులుపు పైకి లేచి ఇంకో ముద్దకు నోటిని సిద్ధం చేసింది. ఈసారి మిత్రుడు ముందుగా ఏమీ చెప్పలేదు. పలకలన్నీ తిప్పితే అందరిదీ తేనే. అయితే ఒకరు చెంచులు నల్లమల నుంచి తుట్టెతో సహా తెచ్చే తేనె అన్నారు, ఒకరు దానికి ఎండు రేగుపండు చేర్చారు, ఒకరు పాత చింతపండు అని గట్టిగా గీత గీశారు. వైన్ పుస్తకాల్లో దీనికి క్విన్స్ పండు వాసన రాస్తారని మిత్రుడు చెప్పాడు. ఆ పండును మాలో ఎవరం చూడలేదు. చూడని పండు పేరు అరువు తెచ్చుకుంటే ఆ సీసా గురించి మాకు తెలిసేది ఏమీ ఉండదు. రేగుపండు అన్నప్పుడు మాత్రం అందరూ మళ్లీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు కొట్టిపారేశారు. ఆ రాత్రి తాగింది తక్కువ, వాదించింది ఎక్కువ.

రుచి చూడటంలో నాలుక చేసే పని కొంతే. నా పలక మీదికెక్కింది నా ముక్కు పట్టింది కాదు, మిత్రుడి నోట విన్నది. మిగతావాళ్లు రాసింది వాళ్లు పెరిగిన చోటు నుంచి వచ్చింది. ముందు మాట దాచుకోవాలి, ఆ తర్వాత ఎవరి మాట వాళ్లు తెచ్చి నలుగురి మధ్య పెట్టాలి. వైన్ తెలిసినవాడు అనిపించుకోవడానికి పెద్ద పెద్ద పేర్లు బట్టీపట్టడం కంటే ఇది కష్టం.

దీనికి ఫ్రాన్సు సీసానే కావాలని లేదు. ఏ ఇంట్లోనైనా ఈ ఏటి చింతపండు, మూడేళ్ల కిందటి చింతపండు వేరు వేరు గిన్నెల్లో నానబెట్టి, ఏది ఏదో చెప్పకుండా వడ్డించండి. కొత్త బియ్యం, పాత బియ్యం అయినా సరే. అందరి చేతికీ ఒక పలక ఇవ్వండి. నోటుపుస్తకాలు వచ్చాక మార్కాపురం పలకకు బడిలో గిరాకీ పడిపోయింది. భోజనాల దగ్గర దానికి ఇంకా పని ఉంది. పైగా ఎవరి మాట తప్పినా, తుడిచేస్తే సరిపోతుంది.