పరభాషలో పలుకు రెండవ మనిషి: విభక్తవ్యక్తిత్వమును గూర్చిన చిత్రకథలు, వైద్యము, న్యాయము

1993లో మలయాళమున వెలువడిన ‘మణిచిత్రతాళు’ అను చలనచిత్రము పలుభాషలలో పలుపేర్లతో మరల మరల పుట్టినది. మధు ముట్టం కథ సమకూర్పగా ఫాజిల్ దర్శకత్వము వహించిన ఆ చిత్రమే 2004లో కన్నడమున ‘ఆప్తమిత్ర’, 2005లో తమిళమున ‘చంద్రముఖి’, 2007లో హిందీలో ‘భూల్ భులయ్యా’ అయ్యెను. పాతకాలపు మేడ, తాళము వేసిన గది, పూర్వమెన్నడో ఆ యింట చంపబడిన నర్తకి, ఆ నర్తకి తానే యని నడురేయి ఆడిపాడు ఇల్లాలు, కథ యింతే. కాని యీ నాలుగింటను ఒక విశేషము కలదు. ఆ యిల్లాలు రెండవ మనిషిగా మారినప్పుడు స్వభాషలో మాటలాడదు. మలయాళచిత్రమున ఆమె తమిళము పలుకును. కన్నడచిత్రమునను తమిళచిత్రమునను తెలుగు పలుకును. హిందీచిత్రమున వంగభాష పలుకును. ‘చంద్రముఖి’ తెలుగున అనువాదమైనప్పుడు తెలుగుపాట తీసివేసి ఆ చోట తమిళపాట నుంచిరి. ఏ ప్రాంతమువారికి పొరుగువారి భాషయే దయ్యపు భాష యైనదన్నమాట.

బెంగుళూరు, కోలారు, మదరాసు, మధుర ప్రాంతములందు తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ చిత్రములు చిత్రమైన అనుభవము కలిగించినవి. ఊరంతయు తెలుగుపాటను కూనిరాగము తీసినది గదా యని సంతోషించినవారు కలరు. అది అకారణమైన సంతోషము కాదు. తంజావూరు నాయకరాజుల కొలువునను, తరువాత మహారాష్ట్రప్రభువుల కొలువునను నర్తకి పాడిన పదములు, వర్ణములు పెక్కు తెలుగువే. కన్నడ, తమిళ దేశములందు రాజనర్తకి నోట తెలుగు పలికించుట చరిత్రకు విరుద్ధము కాదు. ‘ఆప్తమిత్ర’లో ఆ పాత్ర ధరించిన సౌందర్య కోలారు జిల్లాలో పుట్టి తెలుగుచిత్రములందు కీర్తిగాంచిన నటి, ఆ చిత్రము విడుదల కాకమునుపే, 2004 ఏప్రిల్ 17న, విమానప్రమాదమున గతించినది. ఈ యభిమానములన్నియు అట్లుండనిచ్చి, కథ తాను ప్రదర్శించుచున్నానని చెప్పుకొను వ్యాధిని ఎంతవరకు గ్రహించినదో విచారింపవలసియున్నది.

ఆ వ్యాధిని నేటి వైద్యులు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అందురు. అమెరికా మనోవైద్యసంఘమువారు 1980లో మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్ అను పేర దీనిని తమ పట్టికలో చేర్చి, 1994లో పేరు మార్చిరి. ఆ మార్పు వట్టి మాటల మార్పు కాదు. పాతపేరు ఒక్క దేహమున పలువురు కాపురమున్నారన్న భ్రమను కల్పించును. కొత్తపేరు ఉన్నది ఒక్కరేయనియు, ఆ యొక్కరి ‘నేను’ అను భావము ముక్కలై అతుకుకొనక మిగిలినదనియు తెలుపును. తెలుగున విభక్తవ్యక్తిత్వమనిన ఆ భావము కొంత స్ఫురించును. లేని మాటలు వినబడుట, లేని శత్రువులను ఊహించుట మొదలగు లక్షణములు గల స్కిజోఫ్రీనియా వేఱు, ఇది వేఱు. ఈ రెంటిని ఒక్కటిగా వాడుట పత్రికలలోను సినిమాలలోను నేటికిని మానలేదు. విభక్తవ్యక్తిత్వమునకు గుర్తులు ముఖ్యముగా రెండు: ప్రవర్తన, జ్ఞాపకము, స్వరము మారిపోవు వేర్వేరు స్థితులు, ఒక స్థితిలో జరిగినది మరియొక స్థితిలో గుర్తులేకపోవుట. రోగులలో అత్యధికులు బాల్యమున దీర్ఘకాలము పడిన హింసను, నిరాదరణను చెప్పుదురు. ఇల్లు విడిచి పారిపోలేని పసివాడు తనలోనికే పారిపోవుననుట ఒక వ్యాఖ్యానము. వైద్యుని ప్రశ్నలు, ప్రచారమందున్న కథలు కలిసి ఈ రూపమును కల్పించుచున్నవనుట రెండవ వ్యాఖ్యానము. ఈ వాదము ముగియలేదు.

ఇప్పుడు కథను చూడవలెను. దయ్యమని అందరు భయపడుచున్న చోట ఒక వైద్యుడు నిలిచి, ఇది వ్యాధి, ఈమె దోషి కాదు అని చెప్పుట ఈ కథకు గల మొదటి గౌరవము. మలయాళమూలమున గంగ తల్లిదండ్రులకు దూరముగ అవ్వ చెంత, పాతకథలు వినుచు, ఒంటరిగా పెరిగినది. ఆ యొంటరితనము నుండియే వ్యాధి పుట్టినట్లు చూపుట వైద్యశాస్త్రమునకు సమీపమైన విషయము. తాను రాత్రి చేసినది ఆమెకు పగలు తెలియదు; ఇదియు సరియే. ఆ పాత్రకు శోభనకు జాతీయ ఉత్తమనటి బహుమానము వచ్చుట న్యాయము. తరువాతి రూపములందు ఈ బాల్యము క్రమముగా పలుచబడి, గజ్జెల చప్పుడు, కనుగ్రుడ్ల విస్ఫారము మిక్కుటమైనవి.

చికిత్సవిషయమున మాత్రము మూలము సయితము చేయి వదలివేసినది. మంత్రవాదియు వైద్యుడును కూడి ఒక బొమ్మను శత్రువుగా నిలిపి, నర్తకిచేత దాని తల నరికింతురు. పగ తీరినది, వ్యాధి కుదిరినది. రంగస్థలమున ఇంతకంటె రక్తికట్టు ముగింపు లేదు. కాని వైద్యశాలలో ఇట్టిది జరుగదు. ఈ వ్యాధికి మానసికచికిత్స సంవత్సరముల తరబడి సాగును. మొదట రోగికి భద్రత, నిద్ర, దినచర్య కుదిరింతురు. పిదప మాత్రమే భయంకరస్మృతులను మెల్లమెల్లగా విప్పుదురు. తరువాత విడిపోయిన స్థితుల నడుమ ఎరుక కల్పింతురు. ఈ విభజనను పోగొట్టు మందు లేదు. మందులు తోడివచ్చు దిగులునకు, భయమునకు, నిద్రలేమికి మాత్రమే. ఏ ‘మనిషి’నైనను వెడలగొట్టుట చికిత్సకు లక్ష్యము కాదు. ఆ రెండవ మనిషియు రోగియందలి భాగమే; ఒకనాడు ఆ పసిదానిని కాపాడిన భాగము. చిత్రము ఆమెను మరల దయ్యముగానే పంపివేసినది.

పరభాష మాటకు వత్తము. వైద్యచరిత్రలో దీనికి పూర్వోదాహరణము కలదు. 1880–82 మధ్య వియన్నా నగరమున బ్రాయర్ అను వైద్యుడు చికిత్స చేసిన యువతి, 1895 నాటి గ్రంథమున అన్నా ఓ అను మారుపేరుతో ప్రసిద్ధికెక్కినది. ఆమెకు రెండు స్థితులు మారుచుండెడివి. కొంతకాలము మాతృభాషయైన జర్మను నోట రాక ఇంగ్లీషే పలికెడిది. కాని ఆ యింగ్లీషు ఆమె ముందు నేర్చినదే. ఇటు మన దేశమున 1974లో నాగపురమునందలి ఒక మహారాష్ట్రవనిత పూర్వకాలపు వంగస్త్రీనని వంగభాష మాటలాడుట ఇయాన్ స్టీవెన్సన్, సత్వంత్ పస్రీచా పరిశోధించి ప్రకటించిరి. దానిని పునర్జన్మకు సాక్ష్యముగా తీసికొన్నవారు కలరు. ఆమెకు వంగలిపితో ముందే కొంత పరిచయమున్నదని సందేహించినవారును కలరు. మనస్సు ఎంత చీలినను, తాను ఎన్నడును విని యెరుగని భాషను ఏ చీలికయు తెచ్చియీయదనుటయే భాషాశాస్త్రమునకు సమ్మతము. చిత్రములు ఈ చిక్కును తేలికగా దాటివేసినవి.

ఇచ్చట ద్విభాషావ్యవహర్తలు గమనింపదగినది ఒకటి కలదు. హోసూరు ఇల్లాలు అంగడిలో తమిళమున బేరమాడి, ఇంటిలో బిడ్డను తెలుగున కసరుకొని, కర్ణాటకమునందలి వియ్యాలవారితో కన్నడమున నవ్వును. ఒక్కొక్క భాషలో ఆమె ధోరణి, చొరవ, కోపము వేర్వేరుగా ఉండవచ్చును. అయినను ఉదయపు బేరము ఆమెకు సాయంకాలము గుర్తున్నది. జ్ఞాపకమను దారము తెగనంతవరకు అది వ్యాధి కాదు, సంపద. చిత్రకథ ఈ భేదమును చెరిపి, పరభాష నోట వచ్చుటయే వ్యాధిలక్షణమైనట్లు చూపినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలు చదువు బడులలో ఇది వేడుకమాటగా ముగియదు.

అట్లే పూనకము. జాతరలో గణాచారికి వచ్చు పూనకము ఊరు కోరినది. దానికి వేళ కలదు, హద్దు కలదు, గౌరవము కలదు. ఆచారమునకు లోబడిన ఇట్టి స్థితిని వ్యాధిగా లెక్కింపరాదని నేటి వైద్యగ్రంథములే చెప్పుచున్నవి. కోరకయే వచ్చి, బాధించి, బ్రతుకుతెరువు చెరుచునది వేఱు. 1989లో అదిత్యన్‌జీ, రాజు, ఖండేల్వాల్ అను వైద్యులు భారతదేశమున బహువ్యక్తిత్వము స్థితిని గూర్చి వ్రాయుచు, ఇచ్చట ఆవేశరూపమే ప్రధానమని గుర్తించిరి. 2013లో అమెరికా పట్టిక కూడ ఆవేశరూపము ఈ వ్యాధియొక్క ఒక ముఖమని అంగీకరించినది. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచారోగ్యసంస్థ పట్టికలో ఆవేశవ్యాధికి ప్రత్యేకస్థానమే యున్నది. ఈ దృష్టితో చూచిన గంగ, పాశ్చాత్యగ్రంథములందలి రోగులకంటె మన పల్లెల ‘సోకు’ తగిలిన కోడండ్రకే దగ్గరిచుట్టము.

న్యాయస్థానపు గడప తొక్కిన చిత్రము మరియొకటి. 2005లో శంకర్ దర్శకత్వమున తమిళమున ‘అన్నియన్’, తెలుగున ‘అపరిచితుడు’ అను పేర వచ్చినది. చెల్లెలి మరణము చూచిన బాలుడు పెద్దవాడై, ముగ్గురుగా చీలి, అందొకడు నిర్లక్ష్యపరులైన పౌరులను గరుడపురాణశిక్షలతో చంపును. న్యాయస్థానము అతనిని రోగిగా భావించి చికిత్సకు పంపును. ఈ తీర్పును చట్టముతో సరిచూచిన పొసగదు. 1860 నాటి భారతశిక్షాస్మృతి 84వ సెక్షను, దాని స్థానమున 2024 జులై 1 నుండి అమలునందున్న భారతీయ న్యాయసంహిత 22వ సెక్షను, వ్యాధి పేరు అడుగవు. ఆ కార్యము చేయుచున్న క్షణమున మతిస్థిమితము లేమివలన తాను చేయునదేమో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలిసికొనజాలకుండెనా యని మాత్రమే అడుగును. రుజువుభారము ముద్దాయిది, అయితే సివిల్ వ్యాజ్యములో వలె సంభావ్యత మొగ్గు చాలునని సుప్రీంకోర్టు 1964లో దహ్యాభాయి కేసులో చెప్పినది. ‘అపరిచితుడు’ బాధితుల ఫిర్యాదులు సేకరించును, దోషులను ఎంచుకొనును, శిక్షను ముందుగా రచించును, చంపుట తప్పని లోకము అనునని ఎరుగును. ఇంత తెలిసినవాడు ఆ సెక్షను నీడలో ఎట్లు నిలుచును? చిత్రము అంతటితో ఆగక, విడుదలైన పిదప రైలులో అతనిచేత మరల హత్య చేయించినది. అనగా న్యాయస్థానము మోసపోయెనని ప్రేక్షకునికి నేర్పినది. నిజరోగికి ఇంతకంటె అపకారము లేదు.

అమెరికాలో ఈ వాదము నిజముగనే నడచినది. ఒహాయో రాష్ట్రమున 1977లో పట్టుబడిన బిల్లీ మిల్లిగన్ 1978లో ఈ కారణముననే నిర్దోషిగా తీర్పు పొంది వైద్యశాలకు పోయెను. 1981లో డేనియల్ కీస్ ఆ కథను గ్రంథముగా వ్రాసెను. 1979లో వరుసహత్యల కేసులో కెన్నెత్ బియాంకి తనయందు మరియొకడున్నాడనగా, మార్టిన్ ఓర్న్ అను మనోవైద్యుడు, నిజమైన రోగికి ఇద్దరితో సరిపోదని మాటవరుసకు చెవిని వేసెను. కొలది వ్యవధిలో మూడవవాడు ప్రత్యక్షమయ్యెను! బియాంకి తుదకు నేరమును ఒప్పుకొనెను. 1982లో అదే ఒహాయోలో త్రాగి బండి నడిపిన ఒక స్త్రీ, నడిపినది తనలోని వేరొకతె యనగా, ఏ స్థితిలో నున్నను స్పృహతో నడిపిన వ్యక్తి ఒక్కతెయేనని అప్పీలు న్యాయస్థానము తేల్చినది. దేహమొక్కటి, ముద్దాయి ఒక్కరు అను ఆ దృష్టి వైద్యుల కొత్తపేరుకు సరిపోవుచున్నది.

అయినను ముద్దాయిబోనువైపే చూచుట చిత్రములు మనకు అంటించిన అలవాటు. ఈ రోగి ఇతరులకంటె తనకే ప్రమాదము. బయటిరోగులుగా చికిత్సకు వచ్చువారిలో నూటికి డెబ్బదిమందికి మించి ఆత్మహత్యకు యత్నించినవారేనని అమెరికా వైద్యసంఘపు గ్రంథము తెలుపుచున్నది. న్యాయస్థానమునకు ఇట్టివారు ఫిర్యాదిగానో సాక్షిగానో వచ్చినప్పుడు చిక్కు మరియొక తీరున నుండును. ప్రశ్న గ్రహించి సరియైన జవాబు చెప్పగలవారెల్లరు సాక్ష్యమునకు అర్హులే. కాని నిన్న చెప్పినది నేడు గుర్తులేని స్త్రీ అడ్డసవాలులో అబద్ధీకురాలై తేలును. ఇంటిలోనో, మాట విననిదానినెల్ల ‘చంద్రముఖి’ యని ఎగతాళి చేయుట వాడుకయైనది. ఆ పేరు పడునన్న జంకుతో ఆడపిల్ల తన మరపును దాచును. ఆసుపత్రికి పోవుట ఏండ్లు గడచును.

పోయినను, ఏ భాషలో చెప్పుట? గాయము బాల్యమునాటిది, బాల్యము తెలుగున గడచినది, వైద్యుడు కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో ఎరిగినవాడు. 2017 నాటి మానసికారోగ్యసంరక్షణ చట్టము, 2018 మే 29 నుండి అమలునందున్నది, చికిత్స నిర్ణయించుకొనుటకు వలయు విషయములను రోగికి తెలిసిన సులభభాషలో చెప్పవలెనని విధించినది. వైద్యుడు చెప్పునది రోగికి తెలియుటకు ఈ నియమము చాలును. రోగి చెప్పునది వైద్యునికి, న్యాయమూర్తికి తెలియుట దుబాసీ చేతిలోనున్నది. ‘అప్పుడు నాకు తెలివి లేదు’ అని తెలుగుస్త్రీ యనిన, స్పృహ తప్పినదని యర్థము. తమిళమున దానికి సోదరపదమైన ‘తెళివు’ స్పష్టతను చెప్పును. కన్నడమున ‘తిళివు’ జ్ఞానమును చెప్పును. చెవికి తోచిన పదమును పట్టుకొన్న దుబాసీ, ‘నాకు స్పష్టముగా లేదు’ అనియో ‘నాకు తెలియదు’ అనియో వ్రాయించును. మొదటిది తడబాటుగా, రెండవది దాటవేతగా వాంగ్మూలమున నిలుచును. ఆమె చెప్పినది ఆ రెండును కాదు.