తూకం తెలిసిన బండి

గుంటూరు మిర్చి యార్డులో రంగు చూసేవాళ్లు చూస్తారు, తాలుకాయలు ఏరేవాళ్లు ఏరతారు. చివరికి అందరి కళ్లూ నిలిచేది కాటా మీదే. ఆ గాలి సోకినవాణ్ని కాబట్టి కాబోలు, ఎలక్ట్రిక్ కార్లన్నిట్లో నా మనసు బెంగళూరు ‘రేవా’ మీద పడింది. యూరప్ లెక్కలో అది కారు కిందకే రాదు, క్వాడ్రిసైకిల్. బ్యాటరీలు తీసేస్తే 400 కిలోలు మించకూడదని అప్పట్లో అక్కడి నిబంధన. అంటే సుమారు పది టిక్కీల (బస్తాల) మిర్చి!

దీని రూపకర్త చేతన్ మైనీ మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ 1990లో సౌర కారు పందేల జట్టులో పనిచేశారు. ఎండ ఇచ్చే పిసరంత కరెంటుతో వేల కిలోమీటర్లు పోవాలంటే ప్రతి గ్రాముకూ లెక్క చెప్పాలి. 2001లో మార్కెట్లోకి వచ్చిన రేవాలో ఆ అలవాటు అడుగడుగునా కనిపిస్తుంది.

ముందు సీట్ల కిందకి వంగి చూడండి. 6 వోల్టుల సీసపు బ్యాటరీలు ఎనిమిది, కలిపితే 48 వోల్టులు. బండి బరువులో మూడో వంతుకు పైగా వీటిదే. ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ అమరిక చెప్పకుండానే అర్థమవుతుంది: ముందు బరువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి, వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది. బరువంతా నేలకు దగ్గరగా, నడుమన పడితేనే కుదురు. పైన ఉక్కు చట్రానికి రేకు బదులు ఏబీఎస్ ప్లాస్టిక్ పలకలు తొడిగారు. చిన్న తగులుకు సొట్ట పడవు. ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గుకు ఎనిమిది గంటలు తగిలిస్తే 80 కిలోమీటర్ల దాకా నడుస్తుంది.

అసలు పనితనం బ్రేకులో ఉంది. వాలులో ఎద్దులు వెనక్కి ఆనుకుని బండిని ఆపుతాయి. ఆ శ్రమ గాల్లో కలిసేదే. రేవాలో బండి నెమ్మదిస్తున్నప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి. మోటారు కాసేపు డైనమో అవుతుంది, పారబోయే శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీకి చేరుతుంది. కోత అయ్యాక చేలో పరిగె ఏరుకున్నట్టు.

ఈ పొదుపుకు మూల్యమూ ఉంది. 2007లో బ్రిటన్‌లో ఒక పత్రిక జరిపించిన ఢీకొట్టే పరీక్షలో బండి దారుణంగా నలిగింది. మరుసటేడు అమెరికాలో ఇందుకు భిన్నమైన లెక్కతో టెస్లా రోడ్‌స్టర్ అనే ఎలక్ట్రిక్ కారు వచ్చింది. 6,831 చిన్న లిథియం సెల్‌లు కూర్చిన దాని బ్యాటరీ పెట్టె ఒక్కటే సుమారు 450 కిలోలు, అంటే బ్యాటరీలు తీసిన రేవాను మించిన బరువు. అయితేనేం, అందులో పట్టే కరెంటు రేవాకు అయిదింతలు. కాటా అదే, సరుకు మారింది.

ఇప్పుడు మన వీధుల్లోకీ కరెంటు బండ్లు వచ్చాయి. 2023 జూన్ 8న తాడేపల్లిలో జెండా ఊపి 516 చెత్త సేకరణ ఈ-ఆటోలను మున్సిపాలిటీలకు పంపారు. ఇక్కడ బండికి ఎదురయ్యే అసలు పరీక్ష వేసవి. బ్యాటరీకి వేడి పడదు. రంగు దిగకుండా మిర్చిని ఏసీ గోదాముల్లో దాచుకునే ఊరికి ఆ సంగతి విడమరచి చెప్పాలా? చల్లబరిచే ఏర్పాటు పెడితే అదీ బరువే. దాన్ని కూడా కాటాలో ఇముడ్చుకున్న పనివాడికే మా గుంటూరు ఎండ దారిస్తుంది.