అమ్మమ్మగారి ఇంట్లో బావి లేదు

ఏడో తరగతిలో మా తెలుగు మాస్టారు 'వేసవి సెలవులు ఎట్లు గడిపితిని?' అని వ్యాసం రాయమన్నాడు. అది 1982. రెండు పేజీలు రాశాను. మా అమ్మమ్మగారిది పెద్ద పెంకుటిల్లు. ముందు అరుగులు. వెనక పెరడు, పెరట్లో గిలకబావి, దాని పక్కన సన్నజాజి పందిరి. అటక మీద వరసగా ఆవకాయ జాడీలు. అమ్మమ్మ సున్నుండలు చేసి పెట్టిందనీ, తాతయ్య పడక్కుర్చీలో కూచుని భాగవతం కథలు చెప్పాడనీ రాశాను. మాస్టారు పదికి ఎనిమిది మార్కులేసి క్లాసులో నాచేత గట్టిగా చదివించాడు.

అందులో ఒక్క ముక్క నిజం లేదు. మా అమ్మమ్మ వాళ్లది ఒంగోలు తాలూకాలో ఒక మాదిగపల్లె. తాటాకు గుడిసె. వంగి లోపలికి పోవాలి, వంగి బయటికి రావాలి. గుడిసె పక్కన తంగేడు చెక్క నానేసిన లంద. ఆ వాసనలోనే మా సెలవులు గడిచాయి. ప్రపంచంలో నాకు అంత ఇష్టమైన చోటు ఇంకోటి లేదు. అయినా వ్యాసంలో దాన్ని రాయలేదు. వేరేవాళ్ల ఇల్లు తెచ్చి మా అమ్మమ్మని అందులో కూచోబెట్టాను.

విమర్శ అంటే ఎదుటివాళ్ల పుస్తకం మీద రాసేదనుకుంటాం. నేను ముందు నా రాత మీద రాసుకోవాలి. మా అమ్మమ్మ తాతల గురించి నేను రెండు అబద్ధాలు రాశాను. మొదటిది ఇది. రెండోది తర్వాత చెబుతాను.

పన్నెండేళ్ల మాదిగ పిల్లగాడికి ఆ పెంకుటిల్లు ఎక్కణ్ణించి వచ్చింది? పాఠ్యపుస్తకాల్లోంచి వచ్చింది. వారపత్రికల్లోంచి, సినిమాల్లోంచి వచ్చింది. తెలుగులో చిన్నతనం అంటే ఒక మూస తయారై ఉంది. బామ్మ, అరుగు, పెరడు, నుయ్యి, జాడీ. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' చదివి నేనూ కడుపుబ్బ నవ్వాను. ఇవాళ్టికీ నవ్వుతాను. వాళ్ల బామ్మని వాళ్లు తల్చుకోవడం తప్పని ఎవరంటారు? నా తగాదా అది కాదు. ఆ మూస జ్ఞాపకాల్ని వరసబెట్టి చదివి చూడండి. ప్రేమ అని రాసిన ప్రతిచోటా ఒక ఆస్తి కనపడుతుంది. తోటలో మామిడిపళ్లు తినిపించారంటే తోట ఉంది. గాదె దగ్గర దాగుడుమూతలు ఆడారంటే గాదె ఉంది. అమ్మమ్మ ఎంత ప్రేమగలదో చెప్పడానికి ఇంట్లో వస్తువుల్ని లెక్కపెడతారు. ఆ పెరడు ఊడ్చిందెవరు, ఆ మోటకి తొండం కుట్టిందెవరు, ఆ మామిడికాయలు కోసి మోసిందెవరు అని అడిగితే మాత్రం జ్ఞాపకం ఆగిపోతుంది. నిజానికి ఆ జ్ఞాపకాల్లో మా అమ్మమ్మ కూడా ఉంది. దొడ్డివాకిట్లో ఉంది. పేరు లేకుండా ఉంది.

మరి ఆస్తి లేని ప్రేమని ఎట్లా రాయాలి? ఆ వయసులో నాకు నేర్పినవాళ్లు లేరు. చూసింది మాత్రం ఉంది. ఇప్పుడు చెబుతాను.

సెలవులియ్యగానే అమ్మ నన్నూ చెల్లినీ ఎర్రబస్సు ఎక్కించేది. రోడ్డు మీద దిగితే చింతచెట్టు కింద తాత కూచుని ఉండేవాడు. ఏ బస్సుకి వస్తామో తెలీదు గనక తెల్లారినప్పట్నించీ కూచునేవాడు. చెల్లిని భుజానెక్కించుకునేవాడు. ఊళ్లోంచి పోతే దగ్గర. తాత మాత్రం మమ్మల్ని డొంకదారిన చుట్టూ తిప్పి తీసుకెళ్లేవాడు. దారిపొడుగునా సీమచింతకాయలు కోసిచ్చేవాడు. మాకు సీమచింతకాయలిష్టమనే ఈ దారిన తెచ్చాడని మురిసిపోయేవాళ్లం. ఊరి బజారులో ఆసాముల ముందు, మనవలు చూస్తుండగా, తలగుడ్డ తీసి చంకన పెట్టుకోవడం ఇష్టంలేక చుట్టూ తిప్పాడని పెద్దయినాక తెలిసింది. అట్లాగని సీమచింతకాయలు అబద్ధమా? కాదు. ఆ తీపీ నిజమే, ఆ చుట్టుదారీ నిజమే. ఈ రెండూ ఒకే వాక్యంలో రాయడం చేతగాకనే నేను ఇన్నేళ్లు తిప్పలు పడ్డాను.

అమ్మమ్మ మేమొచ్చిన రోజు కూలికి పోయేది కాదు. ఒకరోజు కూలి పోయినట్టే. దూలానికి వేలాడే కుండలో ఎండు తునకలు మా కోసం దాచి ఉంచేది. గోంగూరలో వేసి వండి, జొన్నసంగటి ముద్ద మధ్యలో గుంట చేసి అందులో పోసి పెట్టేది. మేం తింటుంటే ఎదురుగా కూచుని చూసేది. "ఇంకొంచెం తిను నాయనా, బస్సులో అరిగిపోయుంటది" అనేది. శెనక్కాయ చేలల్లో పరిగె ఏరి, పిడికెడు పిడికెడు కొంగున ముడేసి తెచ్చి ఇచ్చేది. ఈ తునకల్ని నేను వ్యాసంలో సున్నుండలు చేశాను. తర్వాత హాస్టల్లో కూడా ఇంట్లో ఏం తింటారని అడిగితే నోరెత్తలేదు.

తాత తిన్నాక మాకు తాటిముంజలు కొట్టిచ్చేవాడు. తిన్న ముంజికాయలకి పుల్ల గుచ్చి బండి చేసిచ్చేవాడు. పల్లెలో పిల్లలందరికీ బండ్లు చేసిచ్చేవాడు. పొద్దస్తమానం ఆ బండ్లు తోలేవాళ్లం. రాత్రి నులకమంచం మీద నన్ను పక్కనేసుకుని జాంబపురాణం చెప్పేవాడు. భూమి పుట్టడానికి ఆర్నెల్ల ముందే జాంబవంతుడు పుట్టాడని చెప్పి, "అంటే ఎవుడు పెద్దోడురా?" అని అడిగేవాడు. "మనమే తాతా" అనేవాణ్ణి. "అదీ!" అని నవ్వేవాడు. పగలు తలగుడ్డ తీసిన మనిషి రాత్రి ఆ మాట చెప్పేవాడు. సాహిత్యం దేనికని ఎవరన్నా అడిగితే నాకు ముందు ఆ నులకమంచమే గుర్తొస్తుంది.

ఇక నీళ్లు. నా వ్యాసంలో గిలకబావి ఉంది గదా! మా పల్లెకి ఒక గుంట ఉండేది. ఎండాకాలం ఎండిపోయేది. అప్పుడు ఊరబావి గట్టు కింద కడవ పెట్టుకుని, ఊళ్లోవాళ్లు ఎవరన్నా చేది పోసేదాకా నిలబడాలి. పోసినమ్మ పుణ్యం, పొయ్యనమ్మ ఇష్టం. అమ్మమ్మ కోడి కూయకముందే పోయేది. మేం వస్తే ఇంకో రెండు కడవలు ఎక్కువ తేవాలి. మాకు కుంకుడురసంతో తలంటి పోసేది. కళ్లు మండుతున్నాయని ఏడిస్తే ఇంకో చెంబు పోసేది. ఆ చెంబు నీళ్ల కోసం ఎంతసేపు నిలబడిందో నేను అడగలేదు. మాకు సెలవులొస్తే ఆమెకి పని రెట్టింపయ్యేది. నేను రాసిన 'సెలవుల' వ్యాసంలో ఈ లెక్క లేదు.

వెళ్లిపోయే రోజు తాత నాకొక చెప్పుల జత ఇచ్చాడు. కిర్రు చెప్పులు. నా కాలి కొలత పుల్లతో ముందే తీసుకుని, రాత్రిళ్లు దీపం ముందు ఆరె, రంపె పట్టుకుని కుట్టాడు. ఊరందరికీ చెప్పులు కుట్టి మేర తెచ్చుకునే మనిషి, తన మనవడి కోసం ప్రత్యేకం కుట్టాడు. ఆరోజు బస్సుకి ఆలస్యమై ఊళ్లోంచే పోవాల్సొచ్చింది. పల్లె దాటగానే తాత వంగి, నా కాళ్ల చెప్పులు తీసి నా చేతికిచ్చాడు. "రోడ్డెక్కినాక తొడుక్కుందువులే అబ్బయా" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నేను చెప్పులు గుండెకానించుకుని ఊరు దాటాను. అవి బిగువైపోయినా చాలాకాలం పారేయలేదు.

ఇప్పుడు మళ్లీ వ్యాసం దగ్గరికి వద్దాం. దసరాకి పోయినప్పుడు ఎనిమిది మార్కుల కాగితం తాతకి చూపించాను. తాతకి చదువు రాదు, నన్నే చదవమన్నాడు. తోలు కోస్తూ మొత్తం విన్నాడు. "ఇల్లు బాగుందిరా, ఎవరిది?" అన్నాడు. "మనదే తాతా" అన్నాను. మళ్లీ మాట్లాడలేదు. పొయ్యికాడ ఉన్న అమ్మమ్మ మాత్రం నవ్వింది. "నాకు బావి తవ్వించావా నా తండ్రీ! మంచిదేలే. పొద్దున్నే పోయి కడివెడు చేదుకురా" అంది. నా రాత మీద వచ్చిన మొదటి విమర్శ అది. అంతకంటే సూటి విమర్శ ఇంతవరకూ నాకు రాలేదు.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. మా జిల్లానే. మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర మురికి చెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవ. నీళ్లకొచ్చిన ఒక మాదిగ స్త్రీ తన మీదికొచ్చినవాళ్లకి బిందె ఎత్తింది. తెల్లారి పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. పేపర్లో బిందె మాట చదవగానే నాకు మా అమ్మమ్మ కడవ కనపడింది. మూడేళ్ల కింద పెరట్లో నేను రాసిన గిలకబావి ఎంత సిగ్గుమాలిన బావో అప్పుడు అర్థమైంది.

రెండో అబద్ధం అక్కణ్ణించి పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరు. మేం అప్పుడు విశ్వవిద్యాలయంలో ఉన్నాం. గుండెలు మండిపోతున్నాయి. హాస్టల్లో మేం తెచ్చుకున్న రాతపత్రికకి 1993లో అమ్మమ్మ మీద వ్యాసం రాశాను. వంగిన నడుం, పగిలిన కాళ్లు, ఖాళీ కుండ, ఊరబావి కింద నిలబడిన నీడ. చదివినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. సభలో చదివితే చప్పట్లు మోగాయి. అప్పటికి తాత లేడు. అమ్మమ్మకి చదివి వినిపించాను. అంతా విని, "అన్నీ రాశావు గానీ, నేను నవ్వలేదంట్రా ఒక్కసారన్నా? నువ్వు ముంజికాయల బండి తోలి నా కడవ పగలగొట్టింది, మీ తాత నన్ను ఆటపట్టించింది, అయ్యన్నీ ఏమైనయ్యి? వింటుంటే నామీద నాకే జాలేస్తంది" అంది.

ఆ వ్యాసంలో రాసిన ప్రతి మాటా నిజమే. అయినా మనిషి అబద్ధం. మొదటిసారి ఆమెకి వాళ్ల ఇల్లు తొడిగాను. రెండోసారి ఆమెనే తీసేసి ఆమె కష్టాన్ని మాత్రం సభలో నిలబెట్టాను. రెండుసార్లూ నేను రాసింది వాళ్ల కోసం కాదు, మార్కులేసేవాళ్ల కోసం.

ఉద్యమం తప్పు చేసిందని నేననడం లేదు. 1941లో జాషువా 'గబ్బిలం' నించి 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' దాకా మన దుఃఖాన్నీ కోపాన్నీ అచ్చులోకి తేకపోతే మనమొకళ్లం ఉన్నామని కూడా ఈ సాహిత్యానికి తెలిసేది కాదు. కానీ గాయం ఒక్కటే మన గుర్తింపైతే, గాయం చేసినవాడే మన కథకి కర్త అవుతాడు. తాత చేసిన ముంజికాయల బండి మీద వాడికి ఏ హక్కూ లేదు. దాన్నెందుకు వదులుకోవాలి?

వదులుకోని పుస్తకాలున్నాయి. శరణ్‌కుమార్ లింబాలే మరాఠీలో 1984లో తెచ్చిన ఆత్మకథ 'అక్కర్మాశి' చూడండి. ఆయన్ని సాకింది అమ్మమ్మ సంతామాయి, ఆమెతో కలిసి బతికిన మహమూద్ దస్తగీర్ జమాదార్. ఆయన ముస్లిం, బస్టాండులో మూటలు మోసే మనిషి. నెత్తురు సంబంధం లేదు, మతం కలవదు. చాలారోజులు ఆ బస్టాండే వాళ్లకి ఇల్లు. ఇంటితో కొలిస్తే ఆ పుస్తకంలో అమ్మమ్మగారి ఇల్లే లేదు. కానీ అంత తాత ఎన్ని పుస్తకాల్లో ఉన్నాడు? తమిళంలో బామ 1992లో రాసిన 'కరుక్కు'లో అవ్వ నాయకర్ల ఇళ్లలో పనిచేస్తుంది. వాళ్లు పైనించి పోస్తే దోసిలి పట్టి నీళ్లు తాగుతుంది. మనవరాలు అది చూసి మండిపోతుంది. అవ్వ మీద ఆమెకున్న ప్రేమే ఆ మంటకి మూలం. మన కల్యాణరావు 2000లో రాసిన 'అంటరాని వసంతం'లో రూతు జ్ఞాపకాల్లోంచి తరాలు నడిచొస్తాయి. ఎల్లన్న ఆటా పాటా ఆకలి పక్కనే ఉంటాయి. ఆకలి కోసం పాటని కొట్టెయ్యలేదు, పాట కోసం ఆకలిని దాచలేదు.

ఇవాళ విద్యార్థులు రాసినవి చదువుతుంటే నా రెండు అబద్ధాలూ మళ్లీ కనపడతాయి. కొందరు పల్లెని పచ్చటి బొమ్మ చేసి కులం ఊసెత్తరు. కొందరు అమ్మమ్మని కన్నీటిబొట్టు చేసి వదిలేస్తారు. నేను తప్పుచేసి నేర్చుకున్నాను గనక ఒక్క మాట చెబుతాను. మీ తాత మీకిచ్చింది రాయండి. అది ఎట్లా వచ్చిందో, ఎవరి కూలి పోతే వచ్చిందో, ఎవరికి భయపడి చుట్టూ తిరిగొచ్చిందో అదీ రాయండి. ఆ ఖరీదు తెలిస్తే ప్రేమ తగ్గదు. నాకైతే పెరిగింది.

మా అమ్మమ్మ 1998లో పోయింది. ఈ మూడో వ్యాసం వినడానికి ఆమె లేదు. మీ అమ్మమ్మలు, నాయనమ్మలు బతికుంటే, రాసింది సభలో చదవకముందు పొయ్యికాడ కూచుని వాళ్లకి చదివి వినిపించండి. మార్కులు వాళ్లనే వెయ్యమనండి.