తడిపి తీసిన బొమ్మ

నమీబియా దేశంలో, నమీబ్ ఎడారి అంచున బ్రాండ్‌బెర్గ్ అనే కొండ ఉంది. ఎత్తు 2,573 మీటర్లు. ఆ దేశంలో అంతకన్నా ఎత్తయిన చోటు లేదు. అక్కడి దమర ప్రజలు దాన్ని దౌరెస్ అంటారు. రెండు పేర్లకీ అర్థం ఒకటే, మండే కొండ. ఆ కొండలో సిసాబ్ అనే లోయ. ఆ లోయలో ఒక రాతి పంచ కింద మూరెడు కూడా లేని ఒక బొమ్మ. దాని ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. కింద రాసే పేరు 'వైట్ లేడీ'. మన మాటలో చెప్పాలంటే తెల్లదొరసాని.

ఆ బొమ్మ దొరసాని ఎట్లా అయింది? 1918లో రైన్‌హార్డ్ మాక్ అనే జర్మన్ సర్వేయర్ దాన్ని చూసి కాగితం మీద గీసుకున్నాడు. 1947లో ఫ్రాన్సుకు చెందిన పేరుమోసిన పండితుడు అబే బ్రయ్ అక్కడికి వెళ్లాడు. ఒంటి మీద తెలుపు చూశాడు, ముఖం తీరు చూశాడు. ఇది ఆఫ్రికా మనిషి కాదు, మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చిన స్త్రీ అని తేల్చాడు. 1955లో ఆ పేరు మీదనే పుస్తకం వేశాడు. అప్పుడు ఆ నేలను ఏలుతున్నది దక్షిణాఫ్రికా తెల్లవాళ్లు. మాకన్నా ముందే మావాళ్లు ఇక్కడికి వచ్చారు అనుకోవడానికి ఆ మాట ఎంత అనువుగా ఉండి ఉంటుందో మనం ఊహించగలం.

తర్వాతి పరిశోధకులు అది మగమనిషి అన్నారు. చేతిలో విల్లు ఉంది. తెలుపు చర్మం రంగు కాదు, పూసుకున్న రంగు కావచ్చు. గీసినవాళ్లు అక్కడి వేటగాళ్లే, సాన్ ప్రజల పూర్వీకులు అన్నారు. పేరు మాత్రం మారలేదు.

ఈ తప్పులో ఫొటోకీ వాటా ఉందని నా అభిప్రాయం. గోడ మీద ఆ మనిషి ఒంటరిగా లేడు. ముందూ వెనకా మనుషులు నడుస్తున్నారు, జంతువులు ఉన్నాయి. అది ఒక గుంపు, బహుశా ఒక కొలుపు. పోస్టుకార్డుకు గుంపు పనికిరాదు, ఒక్క బొమ్మ చాలు. చుట్టూ ఉన్నవాళ్లను కత్తిరించాక మిగిలినవాడికి ఏ పేరైనా అతుకుతుంది. ఇది మనకు తెలియని సంగతి కాదు. మా కొమ్ము కోయ ఆటను ఫొటో తీసేవాళ్లు కొమ్ములు పెట్టుకున్న ఒక్క మనిషిని పట్టుకుపోతారు. పక్కన చేతులు కలిపి రేల ఆడే ఆడవాళ్లు ఆ ఫొటోలో ఉండరు. కింద ఊరి పేరు కూడా ఉండదు.

రెండో సంగతి ఇంకా బాధ కలిగించేది. వెలిసిన రంగు ఫొటోలో సరిగా పడదని వచ్చినవాళ్లు ఆ గోడ మీద నీళ్లు పోశారు. తడిస్తే రంగు ఒక్క నిమిషం మెరుస్తుంది. కానీ నీటితో రంగు కొంత కొట్టుకుపోతుంది, రాతిలోని ఉప్పు పైకి వస్తుంది. వాన అరుదైన ఎడారిలో వేల ఏళ్లు నిలిచిన బొమ్మను కొన్ని దశాబ్దాల సీసా నీళ్లు పాడుచేశాయి.

వాళ్లను తిట్టే ముందు నా సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట భూపాలపల్లి దగ్గర పాండవుల గుట్టకు పిల్లల్ని తీసుకెళ్లాను. అక్కడి రాతి మీద ఎర్రరంగు బొమ్మలున్నాయి. టీటీసీలో చార్టులు తయారుచేయడం నేర్పారు కదా, మంచి చార్టు చేద్దామనుకున్నాను. ఫోనులో బొమ్మ సరిగా కనబడలేదు. సీసాలో నీళ్లు చేత్తో చల్లి ఫొటో తీశాను. పిల్లలు చూస్తూనే ఉన్నారు. ఒకడు తన సీసా కూడా మూత తీశాడు. వాడిని వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఆ గుట్టకు కూడా బొమ్మలు గీసినవాళ్ల పేరు లేదు, పాండవుల పేరు ఉంది.

ఫొటో తీయొద్దని నేను అనను. ఫొటోయే లేకపోతే బ్రాండ్‌బెర్గ్ ఎక్కడో నాకు తెలిసేది కాదు. తీసే పద్ధతులున్నాయి. హెరాల్డ్ పాగర్ అనే ఆయన 1977 నుంచి 1985లో చనిపోయేదాకా ఆ కొండ మీదే గడిపి, స్థానిక సహాయకులతో కలిసి పారదర్శక కాగితం మీద 40 వేలకు పైగా బొమ్మల నకళ్లు తీశాడు. ఒక్క అందగత్తెను వెతకలేదు, గోడంతా గీశాడు. ఇప్పుడు డీస్ట్రెచ్ అనే కంప్యూటర్ పద్ధతి ఉంది. మామూలు ఫొటోలోనే వెలిసిన రంగును పైకి తెస్తుంది, రాతిని తాకనక్కర్లేదు. ఆ బొమ్మ దగ్గరికి ఇప్పుడు గైడు లేకుండా పోనివ్వరు. దారి చూపేది అక్కడి దమరవాళ్లే. నాకు అన్నిటికన్నా ఇది నచ్చింది.

మా బడిలో ఆ చార్టు ఇంకా ఉంది. చింపేద్దామనుకుని ఆగాను. బొమ్మ కింద ఇంతకుముందు 'ఆదిమానవుని చిత్రం' అని రాసి ఉండేది. అది కొట్టేసి, ఎక్కడిదో ఏ రోజు తీశానో రాశాను. దాని పక్కనే 'మాస్టారు నీళ్లు చల్లి తీసినది, మీరు చల్లవద్దు' అని కూడా రాశాను.