పరికల్పన – సిద్ధాంతము

తెలుగు శాస్త్రరచనకు నేడు పదముల కొరత లేదు. 1906లో వెలసిన విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు శాస్త్రమును తెలుగున చెప్పవచ్చునని నిరూపించిరి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పదకోశములను సమకూర్చినది. ఇక లోపమెల్ల పదముల నడుమ ఎల్లలు చెరిగిపోవుటయే. 'పరికల్పన', 'సిద్ధాంతము' అను మాటలను మన రచయితలు పలువురు ఒకదానికి మారుగా మరొకటి వాడుచున్నారు.

ఈ భేదమును ఒక కొండరాయి చూపగలదు. విశాఖ రేవుకు ఇనుప ఖనిజము పంపెడి బైలదిల కొండలు దంతెవాడ సీమలోనివి. ఎద్దు మూపురమును పోలియుండుటచే వాటికా పేరు కలిగినది. పోలికను పట్టుకొనుట పరిశీలన. కవికి అది చాలును. శాస్త్రజ్ఞుడు అక్కడ ఆగడు. నల్లని రాతిని చూచి 'ఇది హెమటైటు కావచ్చును' అనుకొనుట పరికల్పన. నునుపుపూత లేని పింగాణి పలకపై ఆ రాతిని గీయుట పరీక్ష. ఎర్రని గీత పడినచో పరికల్పన బలపడును. నల్లని గీత పడినచో వీగిపోవును. ఆ ఇనుము అక్కడ ఎట్లు చేరినదో వివరించి, పెక్కు పరీక్షలకు నిలిచి, కొత్త సాక్ష్యము దొరికినపుడు సవరణకు లోబడునది సిద్ధాంతము.

లోకవ్యవహారమున సిద్ధాంతమనగా తిరుగులేని తీర్మానము. ఆ అర్థముతోనే శాస్త్రము వ్రాసినచో పాఠకుడు నమ్ముట నేర్చును గాని ప్రశ్నించుట నేర్వడు. పదమును మార్చనక్కరలేదు. ఏ సాక్ష్యము ఎదురైన అది తప్పగునో కూడ రచయిత చెప్పవలెను.