మొండి కాడను కోయకండి

మల్లె పాదు చూసుకున్న చేతికి ఒక అలవాటు ఉంటుంది. చలికాలంలో నీళ్ళు ఆపి, సంక్రాంతి దాటాక ఆకు దూసి, కొమ్మల కొసలు కత్తిరిస్తే ఎండలు ముదిరేసరికి చెట్టు నిండా మొగ్గ. గులాబీదీ అదే దారి, పూసిన కొమ్మ కోస్తేనే కొత్త చిగురు. మన ఇళ్ళలో పూలమొక్కంటే తెలిసిన విద్య ఇదే. హోయా తీగ దగ్గర ఈ విద్య పనిచేయదు, పైగా మొక్కకు చెరుపు చేస్తుంది.

హోయా పూలు ఒక పొట్టి కాడ చివర గుత్తిగా వస్తాయి. పూలన్నీ రాలిపోయాక ఆ కాడ ఆకూ మొగ్గా లేకుండా ఆరిన అగ్గిపుల్లలా మిగిలిపోతుంది. ఎండిపోయిందనుకుని ఎవరైనా తుంచేస్తారు. కానీ మరో విడత మొగ్గ వేసేది ఆ కొసనే. దగ్గరగా చూస్తే కాడ మీద చిన్న చిన్న మచ్చలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. అవి రాలిన పూల తొడిమల గుర్తులు. పూసినప్పుడల్లా కాడ కాస్త పొడుగవుతుంది కాబట్టి, ముసలి తీగ మీద ఏ కాడ ఎక్కువసార్లు పూసిందో చూపుతోనే చెప్పొచ్చు. దాన్ని తుంచామా, మొక్క కొత్త కాడ పెట్టుకునేదాకా ఆగాల్సిందే.

ఆకు లేకుండా గజం పొడవు సాగే తీగల సంగతీ అంతే. అందం చెడిందని కత్తెర తీస్తారు చాలామంది. ఆ తీగ ముందు పట్టు కోసం వెతుక్కుంటుంది, పట్టు దొరికాకే ఆకు వేస్తుంది. ఒక ఇనుప తీగను గుండ్రంగా వంచి కుండీలో గుచ్చి, దానికి చుట్టేస్తే చాలు.

ఈ తీరంతా అడవిలో నేర్చుకున్నది. హోయాలు చాలా వరకు నేల మీద పెరగవు. దక్షిణ చైనా నుంచి ఇండోనేషియా, ఆస్ట్రేలియా దాకా చెట్ల మానులను పట్టుకుని బతుకుతాయి. మన పడమటి కనుమల్లోనూ హోయా వైటీ లాంటివి ఉన్నాయి. వేళ్ళ దగ్గర కాస్త నాచు, కాస్త కుళ్ళిన ఆకు, అంతే. వాన పడుతుంది, జారిపోతుంది, గాలి ఆరబెడుతుంది. అందుకే ఆకు దళసరిగా ఉండి నీళ్ళు దాచుకుంటుంది. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే హోయా కార్నోసా అయితే కలబందలాగే రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటుంది. అలాంటి మొక్కను ఎర్రమట్టీ పేడ ఎరువూ దట్టించిన పెద్ద కుండీలో పెడితే వేళ్ళకు ఊపిరాడదు. కొబ్బరి డొప్ప ముక్కలు, పెర్లైట్, కొన్ని బొగ్గు ముక్కలు కలిపి చిన్న కుండీలో పెట్టాలి. వేళ్ళు కుండీ నిండా ఇరుక్కున్నా తొందరపడి మార్చక్కర్లేదు. నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో ఆకే చెబుతుంది. ముదురు ఆకును రెండు వేళ్ళతో మెల్లగా వంచి చూడండి. బిరుసుగా ఉంటే ఆగండి, మెత్తగా వంగితే పొయ్యండి. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. వానాకాలంలో పట్టిన నీళ్ళు ఈ తీగకు దాచిపెట్టండి.

ఇంతా చేసినా పూయడం లేదంటే తొంభై పాళ్ళు వెలుతురు లోటే. గది మధ్యలో ఆకు పచ్చగానే ఉంటుంది, ఏళ్ళ తరబడి బతుకుతుంది, పువ్వు మాత్రం ఇవ్వదు. తూర్పు కిటికీ పక్కనే పెట్టాలి. ఉదయపు ఎండ తగిలినా పరవాలేదు, మేలే. మే నెల పడమటి ఎండ మాత్రం ఆకును మాడుస్తుంది. ఇక వయసు. కొమ్మతో మొదలుపెట్టిన మొక్క పూతకు రావడానికి సాధారణంగా రెండు మూడేళ్ళు పడుతుంది. గుండె ఆకారంలో ఒక్క ఆకు గుచ్చి అమ్ముతారే, అది హోయా కెర్రీ. సియాంలో పనిచేసిన ఐరిష్ వైద్యుడు కెర్ పేరు దానిది. కణుపు లేని ఆకైతే వేళ్ళు పడతాయి గానీ తీగ సాగదు. అది చెప్పకుండా అమ్మడం నాకు బొత్తిగా నచ్చని పని.

మొగ్గ కనిపించాక కుండీని కదపకండి, తిప్పకండి, పూర్తిగా ఎండనివ్వకండి. మొగ్గలు రాలేది అప్పుడే. గుత్తిలో తొడిమల సందున పిండినల్లి చేరుతుంది. సన్నని కుంచెతో వేపనూనె నీళ్ళు అద్ది తుడవాలి.

ఇప్పుడు పువ్వు. కార్నోసా గుత్తిని భూతద్దం కింద చూడండి. లేత గులాబీ రేకులు అయిదు, వాటి మీద మంచులాంటి నూగు. మధ్యలో కిరీటంలా నున్నగా మెరిసే ఇంకో చుక్క, దాని నడుమ ఎర్రటి బొట్టు. ఈ కిరీటాన్ని మీరు ఎక్కడో చూశారు. జిల్లేడు పువ్వులో! రెండూ ఒకే కుటుంబం, తుంచితే రెండిట్లోనూ పాలే. పుప్పొడి కూడా పొడిగా రాలదు. రెండేసి పసుపు ముద్దలుగా అతుక్కుని కిరీటం సందుల్లో ఉంటుంది. పురుగు కాలు ఆ సందులో ఇరుక్కుంటే ముద్దల జత కాలికి తగులుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. ఈ కుటుంబాన్ని 1810లో వివరంగా పరిశీలించినవాడు రాబర్ట్ బ్రౌన్, బ్రౌనియన్ చలనానికి పేరిచ్చిన ఆయనే. హోయాకు పేరు పెట్టిందీ ఆయనే, నార్తంబర్లాండ్ డ్యూక్ తోటలో పనిచేసిన థామస్ హోయ్ గౌరవార్థం. డ్యూక్‌ను వదిలి తోటమాలిని తలుచుకున్నందుకు ఆ శాస్త్రవేత్త మీద నాకు గౌరవం.

చీకటి పడ్డాక వాసన గదంతా కమ్ముకుంటుంది. పువ్వు నుంచి తేనె బొట్లు కారతాయి, కింద నేల జిగటవుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పూజకో జడకో రెండు గుత్తులు ఇవ్వమని పక్కింటి పిన్ని అడిగితే గుత్తి ఇవ్వను, కొమ్మ ఇస్తాను. రెండు కణుపులుండేలా కోసి, పాలు ఆరనిచ్చి, కింది కణుపు తడి కొబ్బరి పొట్టులో మునిగేలా పెట్టి, నీడలో ఉంచమంటాను. పువ్వు కోసం మూడో ఏడు చూడమంటాను.