గ్యాస్ ఇంజన్ ఆయిల్: బూడిద లెక్క, ఆమ్లం లెక్క

ఒకచోట దిమ్మె మీద బిగించి, సహజవాయువుతోనో బయోగ్యాస్‌తోనో నడిపే ఇంజన్లకు కార్ల ఆయిల్, లారీల ఆయిల్ పనికిరావు. చూపుకు అన్నీ ఒకే తేనెరంగులో ఉన్నా వాటి మీద పడే పని వేరు. కరెంటు తీసే జనరేటర్‌కో, పైపులో గ్యాస్‌ను తోసే కంప్రెసర్‌కో తగిలించిన ఇంజన్ రాత్రనక పగలనక దాదాపు పూర్తి లోడు మీద నడుస్తుంది. ఏడాదిలో ఉన్నవి 8760 గంటలైతే, వాటిలో 8000 గంటలు నడిచే ఇంజన్లు ఎన్నో ఉంటాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఒక కారు ఏడాదిలో 4 లక్షల కిలోమీటర్లు తిరిగితే దాని ఆయిల్ ఎంత నలుగుతుందో, ఇక్కడి ఆయిల్ అంత నలుగుతుంది. అందుకే ఈ ఆయిల్‌ను ఎంచుకోవడం, దాని ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండటం మెకానిక్కుల చేతిలో ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది.

తేడా ఇంధనం దగ్గరే మొదలవుతుంది. పెట్రోలు, డీజిల్ ద్రవాలు. ఆవిరయ్యేటప్పుడు అవి కాస్త వేడిని లాక్కుంటాయి, తగిలిన చోట కాస్త జిడ్డును కూడా మిగులుస్తాయి. గ్యాస్ పొడిగా వచ్చి పొడిగానే మండుతుంది. వాల్వ్ సీటు మీద కూర్చునే చోట ఇంధనం నుంచి ఏ సాయమూ అందదు. మరో తేడా మసి. డీజిల్ ఇంజన్‌లో మసి చేరి ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. గ్యాస్ ఇంజన్‌లో మసి లేనట్టే కాబట్టి వందల గంటలు నడిచాక కూడా ఆయిల్ శుభ్రంగా కనిపించవచ్చు. ఆ రంగును నమ్మి ‘ఇంకా బాగానే ఉంది’ అనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. ఆయిల్ పాడవుతుంది, కానీ ఆ పాడవడం కంటికి ఆనదు.

గ్యాస్ ఇంజన్ ఆయిల్ గురించి ఏ చర్చ మొదలైనా బూడిద దగ్గరికే వస్తుంది. ఇంజన్‌ను కడగడానికి, ఆమ్లాలను విరవడానికి ఆయిల్‌లో కలిపే డిటర్జెంట్లు కాల్షియం వంటి లోహాల లవణాలు. రింగులను దాటి, వాల్వ్ గైడ్ల వెంట దిగి దహనగదిలోకి చేరిన కొద్దిపాటి ఆయిల్ మండిపోతే ఆ లోహం బూడిదగా మిగులుతుంది. డబ్బా మీద రాసే ‘సల్ఫేటెడ్ యాష్’ శాతాన్ని ప్రయోగశాలలో ఇలా తేలుస్తారు: తూచిన ఆయిల్‌ను కాల్చి, మిగిలిన దాని మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, 775 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు నిలకడ అయ్యేదాకా వేడిచేసి మళ్లీ తూస్తారు. 0.1 శాతం లోపు ఉంటే బూడిద లేని ఆయిల్ అంటారు. అక్కడి నుంచి సుమారు 0.6 దాకా తక్కువ బూడిద, 1 శాతం దాకా మధ్యరకం, ఆపైన ఎక్కువ బూడిద. ఇప్పటి నాలుగు స్ట్రోకుల ఇంజన్లలో చాలావాటికి 0.4, 0.6 మధ్య ఉన్నదే సరిపోతుంది.

బూడిద పూర్తిగా చెడ్డదైతే దాన్ని తీసిపారేస్తే సరిపోయేది. కానీ వాల్వ్‌కూ సీటుకూ మధ్య మెత్తగా పరుచుకునే పలచని పొర ఆ బూడిదే. అది లేకపోతే ఎర్రగా కాగిన లోహం లోహాన్ని నేరుగా కొడుతుంది, వాల్వ్ సీటులోకి కొంచెం కొంచెంగా దిగబడుతుంది. దీన్ని పట్టుకునే పద్ధతి చాలా తేలిక. ఇంజన్ చల్లారాక రాకర్ కవరు విప్పి, రాకర్‌కూ వాల్వ్ కాడ కొనకూ మధ్య ఫీలర్ గేజ్ రేకు దూరుస్తారు. వాల్వ్ సీటులోకి దిగినకొద్దీ కాడ పైకి లేస్తుంది, సందు తగ్గుతుంది. పోయినసారి సులువుగా జారిన రేకు ఈసారి పట్టేస్తే ఆ సిలిండర్‌లో సీటు అరుగుతోందన్నమాట. సందు సవరించి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. పట్టించుకోకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోక, వేడి వాయువులు ఆ చీలికలోంచి చిమ్మి వాల్వ్ అంచు కాలిపోతుంది. సందు కొలతలను సిలిండర్ వారీగా రాసి ఉంచిన చిన్న పుస్తకం ఇంజన్ హాలులో విలువైన పత్రాల్లో ఒకటి.

బూడిద ఎక్కువైతే వచ్చే ముప్పూ తక్కువది కాదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ప్రతి కిలోవాట్ గంటకు సుమారు 0.2 గ్రాముల ఆయిల్ తింటుందనుకుంటే, 1 మెగావాట్ ఇంజన్ గంటకు 200 గ్రాములు, 8000 గంటలకు 1600 కిలోలు కాలుస్తుంది. ఆయిల్‌లో బూడిద 0.5 శాతమైతే అది ఏడాదికి 8 కిలోలు. అందులో చాలావరకు పొగగొట్టం దారిన పోయినా, పిస్టన్ తల మీదా స్పార్క్ ప్లగ్ చుట్టూ పేరుకునే పొర నిప్పులా కాగి, స్పార్క్ పడకముందే గ్యాస్‌ను అంటిస్తుంది. దాంతో నాకింగ్ మొదలై పిస్టన్లు దెబ్బతింటాయి. పొగను శుద్ధిచేసే కేటలిస్ట్ ఉన్నచోట ఆయిల్‌లోని ఫాస్ఫరస్ దాని మీద చేరి పని చెడగొడుతుంది కాబట్టి, ఆ ఆయిల్‌లో ఫాస్ఫరస్‌ను కూడా తగ్గిస్తారు. అమెరికా పైపులైన్ల మీద దశాబ్దాలుగా నడుస్తున్న పెద్ద రెండు స్ట్రోకుల కంప్రెసర్ ఇంజన్లకు బూడిద లేని ఆయిలే వాడతారు. వాటి పోర్టుల్లో పేరుకుపోయే బూడిద గాలి దారిని మూసేస్తుంది.

ఇక మసి లేని ఆయిల్‌ను లోలోపల తినేసే శత్రువులు రెండు. మొదటిది ఆక్సిడేషన్: గాలిలోని ఆక్సిజన్ వేడి ఆయిల్‌తో కలిసి ఆమ్లాలనూ జిగురునూ పుట్టిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ వేగం రెట్టింపవుతుందని ఒక అంచనా సూత్రం. రెండోది నైట్రేషన్. దహనగదిలోని తీవ్రమైన వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లవుతాయి. అవి రింగుల పక్కనుంచి క్రాంక్‌కేసులోకి జారి ఆయిల్‌ను పట్టుకుని, దాన్ని చిక్కబరిచి, పిస్టన్ గాడుల్లో వార్నిష్‌లా అతుక్కునే పదార్థాన్ని తయారుచేస్తాయి. మండడానికి సరిపోయే దానికన్నా గాలి కాస్తే ఎక్కువున్నప్పుడు ఈ ఆక్సైడ్లు ఎక్కువగా పుడతాయి. గాలిని బాగా పెంచి మంటను చల్లబరిచే లీన్ బర్న్ ఇంజన్లలో తగ్గుతాయి. కార్బురేటర్ సర్దుబాటు కొంచెం తప్పినా ఆయిల్ ఆయుష్షు మీద దెబ్బ పడేది ఇందుకే. ఆయిల్ మరీ చల్లగా ఉన్నా నైట్రేషన్ ముదురుతుంది. అందుకని ఆయిల్ నిలిచే సంప్‌ను చల్లగా ఉంచడమే మేలనుకోవడం ఇక్కడ చెల్లదు.

బయోగ్యాస్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో సీఎస్ఐఆర్–ఐఐసీటీ పరిశోధన సంస్థ సాంకేతికతతో రోజుకు సుమారు 10 టన్నుల కుళ్లిన కూరగాయల నుంచి గ్యాస్ తీసి 500 యూనిట్ల వరకూ కరెంటు చేసే ప్లాంటు పెట్టారు. ఇలాంటి గ్యాస్‌లో మీథేన్ సగం కన్నా కాస్త ఎక్కువ, మిగిలిందాంట్లో అధికభాగం కార్బన్ డయాక్సైడ్. వీటితో పాటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. అది మండితే గంధకపు ఆక్సైడ్లు, వాటికి నీటిఆవిరి తోడైతే సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఇంజన్‌ను మాటిమాటికీ ఆపి చల్లారనిస్తే ఆ ఆమ్లం లోపలి గోడల మీదే చెమర్చి రాగి బేరింగులను కొరుకుతుంది. మురుగునీటి, చెత్తకుప్పల గ్యాస్‌లో మరో తంటా: షాంపూలు, సౌందర్య సాధనాల్లోని సిలోక్సేన్లు. మండినప్పుడు అవి తెల్లటి ఇసుకలా మారి పిస్టన్‌కూ వాల్వ్‌లకూ అంటుకుంటాయి. ఆమ్లాన్ని విరవడానికి క్షారం ఎక్కువున్న ఆయిల్ పోద్దామంటే దానితో బూడిదా పెరిగి, ఇసుకకు తోడవుతుంది. కాబట్టి ఇక్కడ మందు ఆయిల్‌లో కాదు, ఆయిల్ కన్నా ముందు వెతకాలి. ఐరన్ ఆక్సైడ్ పడకలో గంధకాన్ని, యాక్టివేటెడ్ కార్బన్‌తో సిలోక్సేన్లను ఆపి గ్యాస్‌ను లోపలికి వదిలితే ఆయిల్ తన పని తాను చేస్తుంది.

ఇన్ని రకాల చెడును పట్టేది నమూనా సీసా. నమూనా తీసే తీరులో ఉన్న శ్రద్ధే ఫలితాన్ని నిలబెడుతుంది. ఇంజన్ వేడిగా నడుస్తుండగా, ఫిల్టరుకు ముందున్న చిన్న కుళాయి తిప్పి, గొట్టంలో నిలిచిన పాత ఆయిల్‌ను కాసేపు వదిలేసి, తర్వాతి దాన్ని పొడి సీసాలో పట్టాలి. ఆపిన ఇంజన్ డ్రెయిన్ బోల్టు దగ్గర పట్టింది సంప్ అడుగు మడ్డి గురించే చెబుతుంది. సీసా మీద ఆయిల్ నడిచిన గంటలు, మధ్యలో పోసిన టాప్ అప్ లీటర్లు రాయకపోతే అంకెలకు అర్థం ఉండదు. కొత్తగా పోసిన ఆయిల్ క్షారాన్ని పెంచి, అరుగుదల లోహాలను పలచన చేసి, జబ్బును దాచేస్తుంది.

నివేదికలో ముందు చూసేవి రెండు: ఆమ్లాన్ని విరిచే శక్తి చెప్పే బేస్ నంబర్, పేరుకున్న ఆమ్లం చెప్పే యాసిడ్ నంబర్. మొదటిది దిగుతూ, రెండోది ఎక్కుతూ ఒకదాన్నొకటి దాటే సమయానికి ఆయిల్ మార్చాల్సిందే. కొత్తదానిలో ఉన్న క్షారంలో సగానికి దిగితే మార్చమనేవారే ఎక్కువ. చిక్కదనం, ఆక్సిడేషన్, నైట్రేషన్ తర్వాత వస్తాయి. ఇనుము పెరిగితే లైనర్ వైపు, రాగి లేదా సీసం పెరిగితే బేరింగుల వైపు, సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ లీకు వైపు చూడాలి. సిలికాన్ ఎక్కువుంటే ఎయిర్ ఫిల్టర్‌ను తిట్టే ముందు గ్యాస్ ఏమిటో అడగాలి. మురుగు గ్యాస్‌లో అది ధూళి కాక సిలోక్సేన్ల నుంచి వచ్చింది కావచ్చు. ఒక్క నివేదికకన్నా వరుసగా వచ్చిన నాలుగైదు నివేదికల ధోరణి ఎక్కువ చెబుతుంది.

కార్ల ఆయిల్‌కూ డీజిల్ ఆయిల్‌కూ అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ శ్రేణులున్నాయి గానీ, గ్యాస్ ఇంజన్లకు అలాంటిది లేదు. యెన్‌బాకర్ వంటి ఇంజన్ తయారీదారులే ఏ గ్యాస్‌కు ఏ ఆయిల్ అన్న జాబితాలు ఇస్తారు. వాటిలో చేరాలంటే ఆయిల్ నిజమైన ఇంజన్‌లో వేల గంటలు నడిచి చూపాలి. ఎక్కువ ఇంజన్లకు ఎస్‌ఏఈ 40 చిక్కదనపు ఒకే గ్రేడు ఆయిల్ సరిపోతుంది. చల్లటి ఇంజన్‌ను రోజూ స్టార్ట్ చేయాల్సిన అవసరం లేనందున మల్టీగ్రేడు అక్కర్లేదు. మార్పు గడువు కూడా గ్యాస్‌ను బట్టే ఉంటుంది. శుభ్రమైన సహజవాయువు మీద 1000 నుంచి 2000 గంటలు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ. గంధకం ఉన్న బయోగ్యాస్ మీద ఒక్కోసారి 500 గంటలు కూడా రావు. కొత్త ఆయిల్‌కో కొత్త గ్యాస్‌కో మారినప్పుడు పాత గడువును నమ్మకుండా, మొదటిసారి ప్రతి 100 నుంచి 250 గంటలకు ఒక నమూనా తీసి, బేస్ నంబర్ ఎంత వేగంగా దిగుతుందో చూసి, ఆ యంత్రానికి తగిన గడువు రాసిపెడతారు.